నాలుగు వేళ్ల వంపు

సైకిల్ దిగి పరుగందుకున్న అప్పలరాజుకు తన నడుము నిటారుగా నిలవడం లేదని ఆ గురువారం పొద్దున్నే తెలిసింది.

అప్పటిదాకా అంతా అనుకున్నట్టే సాగింది. ఈత, సైకిల్, పరుగు మూడూ కలిసిన పోటీకి స్టీల్ ప్లాంటు జట్టులో ఒక్క చోటే మిగిలింది. దానికి అప్పలరాజూ, కామరాజూ పోటీ. ఆదివారం బీచ్ రోడ్డులో కోచ్ గురునాథరావు సైకిల్ తొక్కించి, దించి, పరుగెత్తించి చూస్తాడు. నలభై రెండేళ్ల అప్పలరాజుకు ఇక మళ్లీ అవకాశం రాదు.

"తొక్కి దిగాక కాళ్లు కాసేపు బరువెక్కుతాయి, ఎవరికైనా అంతే. నువ్వేటి, ఉడికిన రొయ్యలా వంగిపోతన్నావు? ఆదివారం ఇలాగే పరిగెడితే చోటు కామరాజుకే," అన్నాడు కోచ్.

ఆ మాటతో కంచరపాలెంలోని ఇల్లు ఆస్పత్రి అయిపోయింది. భార్య అనూరాధ ఎముకల డాక్టరుకు చూపించింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. పక్కవాటాలో ఉండే అత్త మహాలక్ష్మమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. మామ తాతబాబు నలభై ఏళ్లు సముద్రం మీద వేటాడినవాడు. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి సైకిల్ ముట్టనని భార్యకు ఒట్టేసి, హార్బరుకు బస్సులో వెళ్లి చేపలు తెస్తున్నాడు. ఆయన ఒక కన్ను మూసి అల్లుణ్ణి కొలిచాడు.

"నాలుగు వేళ్లు వంగాడు. నా కంటికొలత తప్పదు. ఆముదం రాయండి."

రాశారు. మర్నాడు వంపు అలాగే ఉంది. పైగా సీటు మీంచి జారడం మొదలైంది.

శనివారం రాత్రికి అనూరాధకు అసలు సంగతి తట్టింది. "బావా, ఎక్కకముందు తిన్నగానే పరిగెడతన్నావు. దిగాకే రొయ్యవుతన్నావు. రోగం నీకు కాదు, సైకిలుకి!"

ఆదివారం తెల్లారేసరికి ఆమె మొగుణ్ణీ సైకిల్నీ వెంటబెట్టుకుని, దాన్ని బిగించిన మెకానిక్ హుస్సేన్ బాషా మీద పడింది, వన్ టౌన్‌లో.

"ఏటి సేసావు బాషా భాయ్, మా సైకిల్ని?"

"నాను టేపు పెట్టి కొలిసి సీటు గొట్టం మీద గీత గీసానమ్మా. సూడు, సీటు దానికి నాలుగు వేళ్లు కిందుంది. తొక్కినంతసేపూ మోకాళ్లు పొట్టకి తగుల్తంటే, దిగాక నడుం ఎలా లేత్తాది?" బాషా బోల్టు విప్పుతూ ఆగాడు. "ఇదేటి, సేప పొలుసు?"

నాలుగు వేళ్లు అన్న మాట అనూరాధ ఎక్కడో విన్నది. పొలుసును కొంగున ముడేసుకుంది.

సీటు మళ్లీ గీత దగ్గరికెక్కింది. బీచ్ రోడ్డులో అప్పలరాజు సైకిల్ దిగి, తాటిచెట్టంత తిన్నగా పరిగెత్తి, కామరాజును వంద గజాలు వెనకేశాడు. కోచ్ అతని పేరు రాసుకున్నాడు.

"సూసారా, నా ఆముదం!" అన్నాడు, భార్యతో కలిసి చూడ్డానికొచ్చిన తాతబాబు.

అనూరాధ కొంగుముడి విప్పి, పొలుసును ఆయన అరచేతిలో పెట్టింది. "ఇది ఆముదంలో తేలిందా, నాన్నా?"

మహాలక్ష్మమ్మ మెల్లగా మొగుడి వైపు తిరిగింది. పారిపోదామంటే ఒకవైపు ఆమె, ఇంకోవైపు సముద్రం. తాతబాబు గొంతు సవరించుకున్నాడు.

"నానే. మీరు లేవకముందు హార్బరుకి తొక్కుకెల్తన్నాను. కాళ్లందక సీటు దించుకునేవోణ్ణి, వచ్చాక మళ్లీ కంటికొలతతో ఎత్తేసేవోణ్ణే. రోజుకో గోరంత తగ్గిపోయిందంటే, అది ఆపరేషన్ సేసిన ఆ డాక్టరు తప్పు!"