పుష్పమ్మ గోడ మీది వైరు

ఇలా దగ్గరికి జరగండి, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టండి. మౌలాలిలో ఒక కాలనీ పూర్తిగా బాగుపడిపోయిన సంగతి చెబుతాను.

బాగుపడక ముందు అక్కడి జనం బొత్తిగా వెనకబడి ఉండేవారు. కరెంటు పోతే ఇన్వర్టరు ఉన్న ఇంటి నుంచి లేని ఇంటికి గోడ మీదుగా ఒక వైరు వేసేవారు. పుష్పమ్మ ఇంటి నుంచి పక్కింటి హజీరాబీకి అలాంటి వైరు పన్నెండేళ్లు నడిచింది. హజీరాబీకి ఆయాసం. మందును పొగలా చేసి ముక్కుకు అందించే మిషన్‌కు కరెంటు కావాలి. బదులుగా పుష్పమ్మ ఏమీ తీసుకునేది కాదు. అంత అనాగరికం.

అప్పుడు ‘వెలుగుబేరం’ అనే యాప్ వచ్చింది. డాబా మీద సోలార్ పలకలు, మెట్ల కింద బ్యాటరీ, చేతిలో ఫోను. మిగిలిన కరెంటుకు ఎవరికి వారే రేటు కట్టి అమ్ముకోవచ్చు. పుష్పమ్మ భర్త భద్రయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు బోగీలకు బోల్టులు బిగించి రిటైరైన మనిషి. వారం తిరక్కుండానే వ్యాపారవేత్త అయిపోయాడు.

కాలనీలో వివేకం వెల్లివిరిసింది. మే నెలలో ఫ్యాన్లు ఆపుకుని, అట్టముక్కలతో విసురుకుంటూ, ఆదా చేసిన కరెంటును అమ్మకానికి పెట్టారు. అందరూ అమ్మేవాళ్లే కావడంతో కొనేవాడి కోసం కిటికీల్లోంచి చూశారు. ఎదురుపడితే “తిన్నరా” అనే పాత పలకరింపు పోయి “రేటెట్లుంది” అనేది వచ్చింది. మబ్బు పట్టిన రోజు సంతాపం పాటించారు. చుట్టాలను ఫోన్లు ఇంటి దగ్గరే ఛార్జింగ్ చేసుకుని రమ్మని ముందుగానే కోరారు. పుష్పమ్మ ఇడ్లీ పిండికి గ్రైండరు వేయాలంటే భద్రయ్య రేటు చూసి అనుమతి మంజూరు చేసేవాడు. ఆ నెలలో వాళ్లింట్లో ఇడ్లీ లేదు.

గోడ మీది వైరును యాప్ ‘అనధికార వితరణ’గా గుర్తించింది. భద్రయ్య దాన్ని చుట్టచుట్టి అటకెక్కించాడు.

“మరి హజీరాబీకి కరెంటు పోతేనో?” అంది పుష్పమ్మ.

“యాప్‌ల కొనుక్కుంటది. మనమేమన్న వద్దంటున్నమా?”

ఇంత సాధించి, అమ్మకాల్లో యాప్ ఇచ్చే మొదటి ర్యాంకు కొట్టిన ఇంటికి సన్మానం జరగాలి కదా. ఒక మధ్యాహ్నం భద్రయ్య ఇంటి ముందే షామియానా వేశారు. యాప్ కంపెనీ ఆఫీసరు దయాకర్ మైకు అందుకోగానే మౌలాలి మొత్తం కరెంటు పోయింది. ఎవరూ కంగారు పడలేదు. భద్రయ్య బ్యాటరీలోని కరెంటంతా కాలనీ సంఘం పొద్దున్నే సభకు కొనేసింది. మైకు, అతిథి వైపు తిప్పిన కూలరు హాయిగా నడిచాయి. అమ్మిన భద్రయ్య ఇంట్లో మాత్రం ఫ్యాను లేదు.

“నేడు మీ ప్రతి గృహమూ ఒక విద్యుత్ కేంద్రం. ఇరుగుపొరుగు బంధం ఇంత పారదర్శకంగా మునుపెన్నడూ లేదు,” అని దయాకర్ సెలవిచ్చాడు.

గోడ అవతల నుంచి హజీరాబీ కోడలు షగుఫ్తా తల ఎత్తింది.

“పెద్దమ్మా, అమ్మీకి ఊపిరాడుతలేదు. యాప్‌ల కొందామంటే ఓటీపీ మా ఆయన ఫోనుకు పోతున్నది. ఆయన డ్యూటీల ఉన్నడు, ఎత్తుతలేడు.”

పుష్పమ్మ వేదిక వెనక్కి వెళ్లి భర్త చెవిలో చెప్పింది. భద్రయ్య ఫోటోకు పెట్టిన నవ్వు చెదరనివ్వకుండా పెదవుల సందులోంచి అన్నాడు.

“జెర పది నిమిషాలు ఆగమను. అమ్మిన కరెంటు వాపసు తీస్కుంటే ర్యాంకు పోతది.”

“నీ ర్యాంకును ముక్కుకు పెట్టుకుంటదా ఆమె?”

పుష్పమ్మ స్టూలెక్కి అటక మీది వైరు దింపింది. ఒక కొస గోడ అవతలికి విసిరింది. రెండో కొస పట్టుకుని వరండాలోని ప్లగ్గు బోర్డు దగ్గరికొస్తే ఖాళీ లేదు. మైకుది పీకింది.

“మానవ సంబంధాలలో ఒక్క యూనిట్ కూడా వృథా కాకుండా” అన్నచోట దయాకర్ గొంతు ఆగిపోయింది. పెదవులు మరో రెండు నిమిషాలు ఆడాయి. తేడా తెలియని సభ చప్పట్లు కొట్టింది. గోడ అవతల మిషన్ గుర్రుమంది. పావుగంటకు హజీరాబీ గొంతు వినిపించింది.

“పుష్పా, చాయ్ తాగి పో.”

సన్మానం వేరే ఇంటికి పోయింది. సాయంత్రం భద్రయ్య ఫోనులో యాప్ మర్యాదగా అడిగింది: మీ ఇంటి నుంచి ప్రతిఫలం లేకుండా కరెంటు వెళ్లింది. కారణం ఎంచుకోండి. పొరపాటు, లీకేజీ, దొంగతనం. భద్రయ్య కళ్లద్దాలు తుడుచుకుని నాలుగోదాని కోసం కిందికీ పైకీ వెతికాడు. లేదు.

“ఏం నొక్కాలె?” అన్నాడు.

“లీకేజీ నొక్కు. రేపు సుత లీకైతది.”

ఇదీ సంగతి. గుర్తుపెట్టుకుని మీ కాలనీలోనూ చెప్పండి. ఊరికే చెబితే ఎవరూ వినకపోవచ్చు, కాస్త రేటు పెట్టి చెప్పండి. ఇక ఆ ఫోను తిప్పి చూసుకోండి. ఇందాకటి నుంచి మీ చెయ్యి దాని మీదే ఉంది.