అత్తగారు దిగిన సంగతి

పొద్దున్నే అత్తగారిని కంటి డాక్టరుకు చూపించి, మొదటి పీరియడ్‌కల్లా బడికి చేరుకోవాలని లెక్కల మాస్టారు అనుకున్నారు. ఆయన భార్య పెద్దాసుపత్రిలో, ప్రమాదాల వార్డులో నర్సు. రోజూ చూసే కాళ్ళూ చేతులూ గుర్తొచ్చి, డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలోనే ఆగింది.

"ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకోండి. పట్టీలు బిగించుకోండి. అమ్మా, హెల్మెట్‌లో మాట వినపడదు. ఆగాలంటే ఆయన భుజం తట్టు."

ఆ ఆఖరి మాటే మాస్టారి కొంప ముంచింది.

వీధి మలుపు తిరిగారో లేదో, భుజం మీద టపటపా దెబ్బలు. ఆపారు.

"ఏంటత్తయ్యా?"

"ఏం లేదు నాయనా, తట్టితే తెలుస్తుందో లేదో చూశాను."

పార్కు దగ్గర మళ్ళీ తట్టింది. మాస్టారు బండి పక్కకి తీసి, సైడు స్టాండు వేసి, హెల్మెట్ తీసి మరీ అడిగారు. "ఇప్పుడేమైంది?"

"ఆ గోడ మీద పూలు చూడు, ఎంత ముద్దుగా ఉన్నాయో!"

మాస్టారికి ఒళ్ళు మండింది. ఇక తట్టినా ఆపేది లేదని తీర్మానించుకుని, విసురుగా బండి లాగించారు. ఆ విసురులో స్టాండు తీయడం మరిచిపోయారు. పాత బండి కాబట్టి అది కొత్తవాటిలా కూతపెట్టి హెచ్చరించలేదు.

అత్తగారు చూసింది. తట్టింది. గుద్దింది. మాస్టారు పళ్ళు బిగించి ముందుకే చూశారు.

పక్కనుంచి పాలవ్యాను డ్రైవరు తల బయట పెట్టి అరిచాడు. "స్టాండ్! స్టాండ్!"

మాస్టారు మర్యాదగా చెయ్యెత్తి బస్టాండు దారి చూపించారు. డ్రైవరు తల కొట్టుకున్నాడు. "దారి చెప్పినా విసుక్కుంటారేంటి జనం!" అనుకున్నారు మాస్టారు.

ఎర్ర లైటు పడింది. ఇక లాభం లేదని, ఆ స్టాండేదో తానే లేపుదామని అత్తగారు మెల్లగా దిగింది. ఆవిడ వంగేలోపే పచ్చ లైటు పడింది. బండి వెళ్ళిపోయింది.

భుజం మీద దెబ్బలు ఆగేసరికి మాస్టారికి ప్రాణం హాయిగా ఉంది. "చూశారా అత్తయ్యా, కుదురుగా కూర్చుంటే ఎంత బాగుందో!" అని దారంతా హితబోధ చేశారు. కంటి ఆసుపత్రి ముందు ఆగి వెనక్కి తిరిగితే సీటు ఖాళీ.

గబగబా భార్యకు ఫోన్ చేశారు.

"అత్తయ్య బండి మీద లేదు!"

"లేకపోవడమేంటి? పడిపోయిందా? హెల్మెట్ ఉందా?"

"హెల్మెట్ కూడా లేదు!"

ఇక వివరాలడిగే ఓపిక నర్సుకి లేకపోయింది. ఏ దారిన వచ్చారో కనుక్కుని అంబులెన్సును పరుగెత్తించింది. మాస్టారూ బండి వెనక్కి తిప్పి, జీవితంలో ఎన్నడూ పోనంత వేగంగా పోయి, ఎడమవైపు మలుపులో బండిని వంచారు. స్టాండు రోడ్డుకి తగిలింది. బండి ఒకవైపు, మాస్టారు ఒకవైపు పడ్డారు. తల వెళ్ళి కాలిబాట అంచుకి ఠంగుమని కొట్టుకుంది.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా అంబులెన్సు. ముందు సీట్లోంచి, సిగ్నల్ దగ్గర దాన్ని ఆపి ఎక్కిన అత్తగారు, హెల్మెట్‌తో సహా దిగుతోంది.

"ఈయనే బాబూ, నేను చెప్పిన అల్లుడు. జాగ్రత్తగా ఎత్తండి."

"చెప్పొచ్చు కదా అత్తయ్యా!" అని మూలిగారు మాస్టారు.

"ఇంకెలా చెప్పను నాయనా? నా చెయ్యి వాచిపోయింది."

ఆసుపత్రి గుమ్మంలో తల్లి కోసం స్ట్రెచరు పట్టుకుని నిలబడిన నర్సు, దాని మీదకి చేరుతున్న మొగుణ్ణి చూసి నడుం మీద చేతులేసుకుంది. తిట్టడానికే దగ్గరికొచ్చింది. హెల్మెట్‌కి ఈ చివరి నుంచి ఆ చివరికి పట్టిన బీట కనిపించేసరికి తిట్లన్నీ మింగేసింది. పట్టీ తానే మెల్లగా విప్పింది. మాస్టారికి తల పదిలంగానే ఉంది, ఎడమ మణికట్టు మాత్రం విరిగింది.

సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళడానికి అత్తగారే ట్యాక్సీ పిలిచింది. ఆవిడ నోరు తెరవకముందే మాస్టారు ఒంటిచేత్తో సీటుబెల్టు పెట్టేసుకున్నారు.