యంత్రం గారి దత్తపుత్రుడు

తూములపేట తాలూకా ఆఫీసులో తన కుర్చీ లాక్కున్న యంత్రానికే కోదండపాణి నలభై ఒకటో ఏట దత్తపుత్రుడయ్యాడు. ఇందులో వింతేమీ లేదు. కొత్త రూలు ప్రకారం మనుషులకు మిగిలింది కారుణ్య నియామకం ఒక్కటే. సర్వీసులో ఉండగా ఉద్యోగి పోతే బిడ్డకు ఉద్యోగమిస్తారు. సూపరింటెండెంటూ, అటెండరూ తప్ప ఉద్యోగులంతా ఇప్పుడు యంత్రాలే. కాబట్టి ఉద్యోగం కావాలంటే ముందు ఏదో ఒక యంత్రానికి బిడ్డ కావాలి, తర్వాత అది చావాలి.

దత్తత ఇవ్వడానికి తల్లి అచ్చియ్యమ్మ రాక తప్పలేదు. సూపరింటెండెంటు గారు చెప్పినట్టే కొడుకు చేతిని యంత్రం మూత మీద పెట్టి, చెంబుతో నీళ్ళు వదిలింది. లోపలికి తడి దిగకుండా అటెండరు పళ్ళెం పట్టాడు.

"వీడు కారం తినలేడండీ, కాస్త చూసుకోండి," అంది యంత్రంతో.

"మీ అభ్యర్థన నమోదైంది," అంది యంత్రం.

ఆ రోజు నుంచి చట్టరీత్యా ఆమె అతనికి ఏమీ కాదు. రూలు రూలే గనక ఇంట్లో కూడా "మీరు భోంచేశారా?" అని అడగడం అలవాటు చేసుకుంది. ఆ 'మీరు' వినలేక పాణి వీధరుగు మీద కూర్చుని తినేవాడు. తల్లి లేని కూతురు హంసిక, ఏడేళ్ళది, కంచం తెచ్చి ఇచ్చేది. పాణి పొద్దున్నే ఆఫీసుకెళ్ళి నాన్నగారి దుమ్ము తుడిచి, ఎప్పుడు పోతారా అని ఎదురుచూసేవాడు.

వర్షాలకు ఆఫీసు పైకప్పు కారి నాన్నగారు పోయారు. పాణి గుండు చేయించుకున్నాడు. ఉద్యోగం కోసం ఏడవాలని వెళ్ళినవాడికి తీరా నిజం ఏడుపే వచ్చింది.

"ఊరుకో పాణీ. కానీ మొదటి హక్కు పెద్దకొడుకుది," అన్నారు సూపరింటెండెంటు గారు, అప్పుడే అట్టపెట్టెలోంచి తీస్తున్న కొత్త యంత్రాన్ని చూపిస్తూ. "ఆయన జ్ఞాపకాలన్నీ ఇతనిలోకే దిగాయి. రక్తసంబంధం కిందే లెక్క."

"మరి నేనండీ?"

"తమ్ముడివి. తమ్ముళ్ళకి కారుణ్యం లేదు. మీ అన్నయ్యకింకా సంతానం లేదు మరి." అట్టపెట్టె పక్కకు నెడుతూ అన్నారు, "ఎంత చిన్నపిల్లలైతే అంత మంచిది. కాచుకోవడానికి వయసుంటుంది."

పాణి మర్నాడు హంసికకు తలంటిపోసి, కొత్త గౌను తొడిగి తీసుకొచ్చాడు. వరండాలో అప్పటికే ఇద్దరు తండ్రులు తడి జుట్ల పిల్లలతో కూర్చుని ఉన్నారు. వంతు వచ్చాక ఆ చిన్న చెయ్యి మూత మీద పెట్టి, అదే చెంబుతో నీళ్ళు వదిలాడు.

"పాపకి చీకటంటే భయం అన్నయ్యగారూ," అన్నాడు.

"మీ అభ్యర్థన నమోదైంది."

హంసిక నానమ్మ చేతిలో పెరిగిన పిల్ల. వరసలు తనకు ఒకరు చెప్పక్కర్లేదు.

"బాబాయ్, ఇంటికెళ్దామా?" అంది.

"పదమ్మా," అన్నాడు పాణి.