మంత్రిగారి చప్పట్లు

తమ సభల్లో మోగే చప్పట్లను ఇకపై మరే పార్టీ వాడుకోకుండా ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయిస్తున్నట్లు మంత్రిగారు ప్రకటించారు. శబ్దానికి కూడా ట్రేడ్‌మార్కు ఇస్తారన్న సంగతి నాబోటివాళ్లకు తెలియజెప్పిన పుణ్యం ఆయనదే. రోజూ ప్రార్థనలో నేనూ చప్పట్లు కొడతాను. వాటికి దేవుడి అనుమతి చాలా, మంత్రిగారిది కూడా కావాలా అన్న చిన్న సందేహం మాత్రం మిగిలింది.

ఆ దరఖాస్తు పరిశీలించే అధికారి మా బావమరిది. చప్పట్లు అందరి సొత్తు, ఒకరికి రాసివ్వడం కుదరదని తిప్పి పంపాడు. మర్నాడే మంత్రిగారి కార్యదర్శి ఆఫీసుకు వచ్చి, సరిహద్దు ఊళ్లో ఒక పోస్టు ఖాళీగా ఉందనీ, అక్కడ గాలి ఒంటికి మంచిదనీ ఎంతో ఆప్యాయంగా చెప్పి వెళ్లారు. మా బావమరిది భార్యకు నెలలు నిండాయి. ఇప్పుడు బదిలీ అయితే ఆమెను చూసుకునే దిక్కు లేదు.

“సంతకం పెట్టేసి ఊరుకోరాదట్రా?” అన్నాను.

“అబద్ధానికి పెట్టను బావా. పెట్టానంటే రేపు నీ ప్రార్థనకే నోటీసొస్తుంది.”

ఉన్న దారి ఒక్కటే. మామూలు శబ్దమైనా సరే, ఏళ్ల తరబడి విన్న జనం చెవిన పడగానే ఫలానావారిదని గుర్తుపడితే రిజిస్టరు చేయవచ్చని రూలుంది. అందుకని పార్టీతో సంబంధం లేని పదిమందిని ఆఫీసుకు పిలిపించాడు. నేను గోడవారన నిలబడ్డాను.

ముందు ప్రతిపక్షం సభ చప్పట్లు వినిపించారు. ఒకాయన వాన అన్నాడు. ఒకావిడ నూనెలో ఏదో వేగుతోందంది. తర్వాత కార్యదర్శి తాను తెచ్చిన అరనిమిషం రికార్డు పెట్టారు. అది పూర్తికాకముందే పదిమందీ చేతులెత్తి, మంత్రిగారివే అన్నారు.

మా బావమరిది నమ్మలేకపోయాడు. సభలు జరిగే మైదానం పక్కన టీ కొట్టు నడిపే ఆవిడను అడిగాడు.

“ఎలా గుర్తుపట్టావమ్మా? చప్పట్లన్నీ ఒకటేగా?”

“ఒకటెందుకవుతాయి బాబూ. మధ్యలో ఒకాయన తుమ్ముతాడుగా.”

“ఎప్పుడు?”

“ఏ సభలోనైనా సరే, అక్కడే. పాపం, ఆయన జలుబు ఎన్నేళ్లయినా తగ్గదు.”

సంతాప సభలోనూ తుమ్మాడని పక్కాయన గుర్తుచేశాడు. మిగిలినవాళ్లు అవునని తలలూపారు.

కార్యదర్శి గర్వంగా లేచి నిలబడ్డారు. “చూశారా సార్? ఇంత క్రమశిక్షణ ఇంకే పార్టీ జనంలోనైనా ఉందేమో చూపించమనండి.”

“లేదండీ,” అన్నాడు మా బావమరిది. ఈ శబ్దం విలక్షణమైనదనీ, ఇలాంటిది మరెవరి సభలోనూ వినపడదనీ రాసి, మనస్ఫూర్తిగా సంతకం పెట్టాడు.

కార్యదర్శి ఆనందం పట్టలేక రికార్డు మళ్లీ మొదటినుంచి పెట్టారు. తుమ్ము కోసం అందరం నిశ్శబ్దంగా ఎదురుచూశాం.