ఖాళీలు రెండే ఉండాలి

లోకంలోని అశాంతికంతటికీ మూలకారణం, కోడు రాసేవాళ్ళలో కొందరు వరుస మొదట్లో రెండు ఖాళీలు వదలడం, కొందరు నాలుగు వదలడం అని ఆ కంపెనీ పెద్దలు సుదీర్ఘ చర్చల తర్వాత తేల్చారు. అయిదు బృందాలూ జావాస్క్రిప్టు అనే కంప్యూటరు భాషను ఒకే తీరుగా రాసేట్టు చూడడానికి ఏకరూపతా కమిటీ వేశారు. (కమిటీలోని వాళ్ళది మాత్రం ఎవరి తీరు వాళ్ళదే.)

కమిటీ ఒక ఉమ్మడి నియమాల ఫోల్డరు తయారుచేసింది. అన్ని ప్రాజెక్టులూ అందులోంచే నియమాలు తీసుకోవాలి. ఎవరు ఏ ఫైలు ముట్టుకున్నా లింటర్ అనే తనిఖీ ప్రోగ్రాం దాన్ని ఆసాంతం చదివి, నియమం తప్పిన ప్రతి వరుస కిందా ఎర్రగీత గీస్తుంది. ఎర్రగీత ఉన్న కోడు గడప దాటదు. ఆ కోడు పనిచేస్తుందా లేదా అన్నది లింటర్ శాఖ కాదు.

నియమాలు అమల్లోకి వచ్చిన రోజే, ఆ కంపెనీలో ఆస్పత్రి వెబ్‌సైటుకు కోడు రాసే అమ్మాయికి ఇంట్లో చిక్కు వచ్చిపడింది. ఆమె అత్తగారు మోకాలి ఆపరేషను బుక్ చేసుకుని, తర్వాత భయపడి, ఆ వెబ్‌సైటులోనే 'రద్దు' నొక్కింది. నొక్కితే ఇంకో ఆపరేషను బుక్కయింది. పెద్దావిడ పట్టు వదలకుండా మరో మూడుసార్లు నొక్కింది.

"అమ్మాయ్, నాకున్నవి రెండే మోకాళ్ళు. వీళ్ళేమో అయిదు ఆపరేషన్లంటున్నారు. మిగతావి ఎక్కణ్ణుంచి తెమ్మంటావే?"

"ఆస్పత్రికి ఫోన్ చేశారా అత్తయ్యా?"

"చేశాను. రద్దు వెబ్‌సైట్లోనే చేసుకోవాలట. సోమవారం పొద్దున్నే పరగడుపున రమ్మన్నారు. నీ చేతిలో పనేగా, తప్పించి పుణ్యం కట్టుకో."

కోడలు ఆఫీసుకు వెళ్ళి తప్పు పట్టుకుంది. ఒకే ఒక్క మాట మార్చాలి. మార్చింది. లింటర్ ఆ ఫైలంతా చదివింది. స్క్రీనుకు తట్టు పోసినట్టయింది.

ఆమె కమిటీ అధ్యక్షుడి దగ్గరికి పరిగెత్తింది. ఆయన్ని ఆఫీసులో అందరూ రెండు ఖాళీల సారు అంటారు. ఆయనకు కిడ్నీలో రాయి. ఒక చెయ్యి ఎప్పుడూ నడుం మీదే ఉంటుంది.

"ఒక్క మాటే మార్చాను సార్."

"మాట సంగతి తర్వాతమ్మా. దాని ముందు ఖాళీలెన్ని?"

"నాలుగు. అది ఎప్పుడో రాసిన ఫైలు సార్. మొత్తం సరిచెయ్యాలంటే నెల పడుతుంది. సోమవారం మా అత్తగారి మోకాలు కోసేస్తారు. మీ ఆపరేషనూ అక్కడే కదా, ఆ రోజే!"

"నేను ఒకటే బుక్ చేసుకున్నాను. దేన్నీ రద్దు చెయ్యలేదు. పద్ధతిగా ఉన్నవాడికి ఏ ఇబ్బందీ రాదమ్మా."

"పోనీ, ఏదైనా మినహాయింపు?"

"ఒక్కదానికే ఇచ్చాం." ఆయన గొంతు తగ్గించాడు. "మా నియమాల ఫోల్డరుకి. అది మా నియమాలకి నిలబడలేదు."

కోడలు సీటుకు తిరిగొచ్చి, ఆస్పత్రి కోడంతా ఎత్తి నియమాల ఫోల్డరులో పెట్టేసింది. లింటర్ అటు తల కూడా తిప్పలేదు. అది చూసి పక్కనున్న బస్సు టికెట్ల బృందం వాళ్ళూ అదే పని చేశారు. శుక్రవారం సాయంత్రానికి అయిదు బృందాలూ అక్కడే కాపురం పెట్టాయి. ప్రాజెక్టుల్లో ఇక వరుసలే లేవు గనక తప్పులూ లేవు. 'తప్పులు సున్నా' అని నివేదిక వచ్చింది. పెద్దలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రెండు ఖాళీల సారు ఒంటిచేత్తో దణ్ణం పెట్టాడు. (రెండోది నడుం మీద ఉంది.)

అంతా ఒకే ఫోల్డరులో ఉండేసరికి, అయిదు వెబ్‌సైట్ల రద్దు బటన్లూ కలిసి ఒకే బటన్ అయిపోయాయి. శనివారం ఎవరో బస్సు టికెట్టు రద్దు చేసుకుంటే ఎవరిదో ఆపరేషను రద్దయింది. సెలవురోజుల్లో ప్రయాణం మానుకునేవాళ్ళు చాలామందే ఉంటారు.

"నేను ముట్టుకోకుండానే అయిదూ పోయాయే! బంగారంలాంటి పని చేశావు," అంది అత్తగారు, కాళ్ళు చాపుకుని.

కోడలికి అనుమానం వచ్చి ఆస్పత్రి జాబితా తెరిచింది. అందులో ఒక్క పేరూ లేదు. వెంటనే సారుకు ఫోన్ చేసింది.

"సార్, అందరివీ రద్దయిపోయాయి! పాత కోడు పెట్టెయ్యనా?"

"ఎర్రగీతలున్నాయా?"

"లేవు సార్."

"మరి తప్పెక్కడుందమ్మా?"

సోమవారం పొద్దున రెండు ఖాళీల సారు పరగడుపున ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, నొప్పికి మెలికలు తిరుగుతూ ఫోను చూసుకున్నాడు. 'మీ కోరిక ప్రకారం ఆపరేషను రద్దు చేశాం' అని ఉంది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ వరుస మొదట్లో ఖాళీలు లెక్కపెట్టాడు.

సరిగ్గా రెండే ఉన్నాయి.