హ్యాష్‌ట్యాగ్ లేని వీధి

నీటి సరఫరా మంత్రిగారు సోమవారం పొద్దున్నే విలేకరుల్ని పిలిపించి చరిత్రాత్మక ప్రకటన చేశారు. "సోషల్ మీడియాలో హ్యాష్‌ట్యాగులకి ఇంకా విలువ ఉందా, లేదా అన్నది మా శాఖ పదిహేను రోజుల్లో తేల్చేస్తుంది. ఈ విషయంలో వెనకడుగు వేసే ప్రసక్తే లేదు." వెనక వరసలో ఒకాయన లేచి, పగిలిన పైపుల సంగతేమిటని అడిగాడు. "అన్నీ ఒకేసారి అంటే ఎలా బాబూ" అన్నారు మంత్రిగారు జాలిగా.

మంత్రిగారి పేరు మీద పత్రికా ప్రకటనలు రాసేది నేను. పన్నెండేళ్ళలో నలుగురు మంత్రుల్ని "ప్రజల మనిషి" అని రాశాను. ఏ ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు.

గొడవంతా కొత్త కన్సల్టెంటుతో మొదలైంది. ఆఫీసులో అందరం అతన్ని ట్రెండింగ్ అంటాం. వచ్చిన రోజే అతను, "హ్యాష్‌ట్యాగులు చచ్చిపోయాయి సార్. మనం రాసింది ఇప్పుడు అల్గారిదమే చదివేసుకుంటుంది" అన్నాడు. మంత్రిగారి మొహం వాడిపోయింది. వాడిపోదూ మరి? ఆయన రాజకీయ జీవితమంతా #ప్రతిచుక్కామనదే మీద నిలబడి ఉంది. దాన్ని టీషర్టుల మీద వేయించారు, గొడుగుల మీద వేయించారు, సొంత కారు వెనకద్దం మీద కూడా రాయించారు.

"మరి నేను గెలిచింది దేనివల్లయ్యా?" అనడిగారు. గదిలో అందరం ఫైళ్ళు తెరిచి చదువుకోవడం మొదలెట్టాం. మా శాఖ క్రమశిక్షణ అలాంటిది.

చివరికి ట్రెండింగే దారి చూపించాడు. "ట్రయల్ పెడదాం సార్. పైపు పగిలిన వీధులు రెండు తీసుకుందాం. ఒక వీధి గురించి హ్యాష్‌ట్యాగ్‌తో పోస్టులు పెడదాం, రెండో వీధి గురించి లేకుండా. దేనికి ఎక్కువ స్పందన వస్తే అదే గెలిచినట్టు."

"పైపులు బాగుచేసేది ఎప్పుడు?" అన్నాను నేను.

"ముట్టుకుంటే డేటా పాడైపోతుంది."

పైపు పగిలిన వీధి దొరకడం కష్టం కాలేదు. ఉన్నవాటిలో రెండు ఎంచుకోవడానికే మధ్యాహ్నం దాకా పట్టింది. హ్యాష్‌ట్యాగ్ లేని వీధిగా ఎంపికైంది మా అక్క వీధి.

అక్కకి అక్కడ కుట్టు షాపు ఉంది. బడి తెరిచేలోగా రెండు వందల నలభై జతల యూనిఫారాలు కుట్టి ఇవ్వాలి. ఇస్తే వచ్చే ఏడాది కూడా ఆర్డరు ఆమెదే. ఇవ్వకపోతే మెయిన్ రోడ్డు మీది పెద్ద షాపు వాళ్ళు కాచుకుని కూర్చున్నారు. పైపు సరిగ్గా ఆవిడ గుమ్మం ముందు పగిలింది.

నేను వెళ్ళేసరికి ఫిట్టర్ సంచి దించి రెంచి తీస్తున్నాడు. మా శాఖ ఆఫీసరు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"పావుగంట పని సార్" అన్నాడు ఫిట్టర్.

"పావుగంట పని కోసం పదిహేను రోజుల శాస్త్రీయ పరిశోధన నాశనం చేస్తావా?"

ఫిట్టర్ రెంచి సంచిలో పడేసి, దాన్ని భుజానేసుకుని వెళ్ళిపోయాడు. అక్క నావైపు తిరిగింది. "ఏరా, నీ ఆఫీసే కదా. ఒక్క మాట చెప్పలేవా?"

"మీ వీధి కంట్రోల్ గ్రూపు అక్కా, అంటే హ్యాష్‌ట్యాగ్ లేకుండా పోల్చి చూసే వీధి. ఎన్ని వీధులు పోటీ పడ్డాయో తెలుసా?"

"నిన్ను స్కూలుకి పంపింది ఇందుకేనన్నమాట" అంది. నాకు చాలా సిగ్గేసింది. ఆఫీసుకెళ్ళాక తగ్గింది.

మొదటి వీధికి హ్యాష్‌ట్యాగ్‌తో పదకొండు వేల పోస్టులు వచ్చాయి. అన్నీ మా ఆఫీసు రెండో అంతస్తు నుంచే. నలభై మంది సిబ్బంది మధ్యాహ్నం భోజనాలు కూడా మానేసి పెట్టారు. అక్క వీధికి మాత్రం ఒకే ఒక్క ఫొటో. చీలమండల దాకా నీళ్ళలో కూర్చుని అక్క మిషను తొక్కుతుంటే, జాకెట్టు కోసం వచ్చినావిడ ఎవరో తీసి పెట్టింది. హ్యాష్‌ట్యాగ్ లేదు. ఆరు లక్షల మంది చూశారు.

"నేను చెప్పలేదా సార్?" అన్నాడు ట్రెండింగ్.

"వాళ్ళు నన్ను తిడుతున్నారు కదయ్యా."

"స్పందన స్పందనే సార్."

పదిహేనో రోజున అక్క వీధిలోనే సభ పెట్టారు. హ్యాష్‌ట్యాగుల కాలం చెల్లిందని మంత్రిగారు ప్రకటించారు. వెనక ఇరవై అడుగుల ఫ్లెక్సు, దాని మీద నవ్వుతున్న మంత్రిగారు, ఆయన కింద #హ్యాష్‌ట్యాగులకిసెలవు. సాయంత్రానికల్లా అది మొదటి స్థానంలో ట్రెండ్ అయింది.

అందరూ వెళ్ళిపోయాక ఫ్లెక్సు మిగిలింది. అక్క దాన్ని మడతలేసి, లోపల ఇసుక పోసి, గుమ్మానికి అడ్డంగా పెట్టింది. నీళ్ళు మళ్ళి కాలవలోకి పోయాయి. షాపు ఆరింది. మూడు రోజులు మిషను ఆగకుండా నడిచింది. అంతకుముందు కుట్టినవాటితో కలిపి నూట ఎనభై జతలు అయిపోయాయి. మిగిలిన అరవై జతల గుడ్డ కత్తిరించి నేల మీదే వరసగా పరుచుకుంది.

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "నీటి ప్రవాహానికి స్వయంగా అడ్డు నిలిచిన మంత్రిగారు" అని గుమ్మం దగ్గరి ఫ్లెక్సు ఫొటోతో సహా ప్రకటన రాసి పంపాను. అక్కకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. మంత్రిగారు ఫొటో చూసి, "నా మొహం బురదలో ఉందేమిటయ్యా?" అన్నారు.

మర్నాడే, నేను షాపులో ఉండగా, ఆఫీసరు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఫ్లెక్సు ప్రభుత్వ ఆస్తమ్మా. తీసుకెళ్ళాలి."

"పైపు ఎవరిదండీ?" అంది అక్క.

"అది వేరే సెక్షను."

"రెండు రోజులాగండి. అరవై జతలే ఉన్నాయి." ఆవిడ అంత మెల్లిగా అడగడం నేనెప్పుడూ వినలేదు.

వాళ్ళు ఇసుక దులిపి, ఫ్లెక్సు చుట్టి, అప్పగించినట్టు అక్కచేత సంతకం చేయించుకున్నారు. నీళ్ళు గుమ్మం దాటి కత్తిరించిన గుడ్డ మీదుగా మిషను దాకా వెళ్ళాయి. ఎదురుగా నిలబడి చూస్తున్న ఫిట్టర్ అడిగాడు. "ట్రయల్ అయిపోయింది కదా సార్, ఇప్పుడు బాగుచేయొచ్చా?"

"ముందు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టించు. హ్యాష్‌ట్యాగ్ మర్చిపోకు, లేకపోతే మా సిస్టమ్ తీసుకోదు" అని చెప్పి ఆఫీసరు జీపెక్కాడు.

అప్పుడే నా ఫోను మోగింది. ట్రెండింగ్. "సాయంత్రానికి చిన్న నోటు కావాలి. రాసుకో. మంత్రిగారు గుమ్మంలో ఉన్న మూడు రోజులూ ఆ షాపులోకి చుక్క నీరు రాలేదు."

"హ్యాష్‌ట్యాగ్ ఏం పెట్టమంటారు?"

"దీనికి అక్కర్లేదులే. ఇది నిజమే కదా."

రాసుకున్నాను. అక్క నీళ్ళలోంచి తడిసిన గుడ్డ ఒకటి తీసింది. "ఆ ఫోను జేబులో పెట్టి ఈ కొస పట్టుకో" అంది. పట్టుకున్నాను. ఆవిడ అటు తిప్పితే నేనిటు తిప్పి పిండాం. ఇంకా యాభై తొమ్మిది ఉన్నాయి.