తుమ్మకూడని చోటు

మిరపకాయలన్నీ బస్తాలకెత్తి గుంటూరు యార్డుకు తోలేశాక, అంకమ్మరావు ఇంట్లో ఏడాదికంతా కలిపి దొరికే ఒకే ఒక్క తీరిక వారం మొదలైంది. అందులో ఒకరోజు నల్లమల అడవికి పోయొద్దామని, చీరాలలో డిగ్రీ చదువుతున్న కూతురు జ్యోతిర్మయి పట్టుబట్టింది. పొద్దున్నే టిఫిన్లు చేసి బయల్దేరడం, మధ్యాహ్నం జీపెక్కి అడవి చూడడం, పొద్దుగూకేలోగా సొంతూరు పర్చూరు దారి పట్టడం. ఇంతే ప్లాను. భార్య కోటిరత్నం క్యారేజీ నిండా పులిహోర సర్దింది. కొత్త చోటికి పోతున్నాం కదా అని ఎర్రటి పట్టుచీర కట్టుకుంది.

అడవి మొదట్లో గేటు దగ్గర వాళ్ల పాత సుమోను ఆపించి, అక్కడి జీపు ఎక్కమన్నారు. ఎక్కేముందు ఆదెయ్య అనే ఫారెస్టు గార్డు ముందుకొచ్చి నిలబడ్డాడు. మనిషి సన్నగా ఉన్నాడు గానీ మాట కటువుగా ఉంది.

"జీపు దిగకూడదు. అరవకూడదు. ఏదీ విసరకూడదు, ఏదీ తుంచకూడదు. తినేవి ఇక్కడే పెట్టి రండి. ఏ జంతువైనా ఎదురుపడితే పరిగెత్తొద్దు, కేకలెయ్యొద్దు, దానికి వీపు చూపించొద్దు."

"అన్నీ వద్దులే చెబుతున్నారు. చెయ్యదగ్గది ఒక్కటన్నా ఉందాండీ?" అంది కోటిరత్నం, పులిహోర క్యారేజీ గేటు దగ్గర వదల్లేక వదులుతూ.

"చూడొచ్చమ్మా" అన్నాడు ఆదెయ్య. అప్పుడే అతని కళ్లు ఆమె చీర మీద పడ్డాయి. "ఈ రంగు అరమైలు దూరానికి కూడా కొట్టొచ్చినట్టు కనబడుద్ది. పైన ఏదన్నా కప్పుకోండమ్మా."

భార్య మొహం మాడకముందే అంకమ్మరావు సుమో దగ్గరికి పరిగెత్తాడు. వెనక సీటు కింద మట్టిరంగు దుప్పటి ఒకటి దొరికింది. అడవికి ఇంతకంటే తగిన రంగు ఉంటుందా? నాలుగుసార్లు విదిలించి, తెచ్చి ఆమె భుజాల మీద తనే కప్పాడు. ఆదెయ్య కూడా బాగుందన్నట్టు తలూపాడు.

జీపు అడవిలోకి దిగింది. అంకమ్మరావుకు తెలిసిన నేలంతా బల్లపరుపు నల్లరేగడి. పత్తి చేలో నిలబడితే పక్క ఊరి సెల్ టవరు దాకా కనబడేది. ఇక్కడ పదడుగుల అవతల ఏముందో తెలియదు. ఆకురాల్చిన టేకుచెట్లు, వాటి మధ్య వెదురు పొదలు, ఎక్కడో ఒకచోట నిప్పంటుకున్నట్టు మోదుగుపూలు. దూరంగా జింకల మంద తలలెత్తి వీళ్లను చూసి, మళ్లీ గడ్డిలోకి దించింది. ఏదో ఒకటి అనబోయి అంకమ్మరావు తనంతట తానే ఆగిపోయాడు. అంత నిశ్శబ్దాన్ని అతను ఎప్పుడూ వినలేదు.

సరిగ్గా అప్పుడు కోటిరత్నం తుమ్మింది.

జింకలు ఒక్క ఉదుటున మాయమయ్యాయి. ఆదెయ్య వెనక్కి తిరిగి గుసగుసగా అన్నాడు. "జలుబు చేసినప్పుడు రాకూడదమ్మా."

"నాకేం జలుబు లేద..." అంటూ ఆమె రెండోసారి తుమ్మింది. గాలికి దుప్పటి టపటపా కొట్టుకుంది. జ్యోతిర్మయి తుమ్మింది. అంకమ్మరావు తుమ్మాడు.

"ఇంటిల్లిపాదికీ జలుబేనా?" అని కసురుకోబోయిన ఆదెయ్యకు నోరు తెరిచినవాడికి తెరిచినట్టే తుమ్ము వచ్చింది. అతని కళ్లల్లో భయం కనిపించింది. "అంటుకుంది! ఇంత తొందరగా అంటుకునే రోగం ఏందండీ ఇది?"

అంతలో డ్రైవరు బుల్లయ్య కళ్లు మండిపోయి, దారి కనపడక జీపు ఆపేశాడు. జ్యోతిర్మయి దుప్పటి కొస పట్టుకుని వాసన చూసింది. "నాన్నా! ఇది నువ్వు శాంపిల్ మిరపకాయలు మూటగట్టే దుప్పటి కదా!"

"దులిపాను గదే!"

"దులిపితే పోద్దా, మూడు నెలల ఘాటు!"

అంకమ్మరావుకు కంగారు పుట్టింది. భార్య భుజాల మీంచి దుప్పటి లాగి, ముందువెనకలు చూడకుండా జీపు బయటికి విసిరేశాడు. ఆ తర్వాత ఆదెయ్య మొహం చూశాక గానీ తను చేసిందేమిటో తెలియలేదు.

"విసిరేశారా?"

"ఘాటు పోవద్దా మరి?"

"అడవిలో గుడ్డపేలిక కూడా ఉండకూడదు. తియ్యండి."

"దిగొద్దన్నావు గదయ్యా?"

"దిగొద్దు."

"దిగకుండా ఎట్టా తియ్యను? పోనీ ఆ కొమ్మొకటి విరిచియ్యి, దాంతో లాగుతా."

"కొమ్మ తుంచొద్దు!"

ఈ తగువంతా గుసగుసల్లోనే నడిచింది. చివరికి ఆదెయ్య నుదురు కొట్టుకుని, తనే జీపు దిగి దుప్పటి వైపు నడిచాడు. వంగి దుప్పటి అందుకున్నాడు. నడుం ఎత్తుతూ అలాగే కొయ్యబారిపోయాడు.

వెదురు పొద కదలలేదు. ఆకు చప్పుడు కాలేదు. అంతవరకు ఏమీ లేనిచోట పులి నిలబడి ఉంది.

పాఠ్యపుస్తకాల్లో, గోడ క్యాలెండర్లలో చూసిన పులికీ దీనికీ ఏ పోలికా లేదు. అంకమ్మరావు ఎద్దుల్ని మేపినవాడు, బలమైన పశువును చూపుతోనే అంచనా కట్టగలడు. ఆ భుజాలను చూడగానే అతని అంచనాలన్నీ ఆగిపోయాయి. అడుగు వేస్తే ఎండుటాకు కూడా నలగలేదు. ఎండ మచ్చలు దాని వీపు మీంచి జారుతుంటే అడవే లేచి నడిచి వస్తున్నట్టుంది. జ్యోతిర్మయి ఒళ్లో రీలు కెమెరా ఉంది. అది ఉందన్న సంగతే ఆ పిల్లకు గుర్తు రాలేదు.

'పరిగెత్తరా!' అన్న కేక అంకమ్మరావు గొంతుదాకా వచ్చింది. గేటు దగ్గర విన్న మాట దాన్ని అక్కడే పట్టి ఆపింది. కేకతో పాటే ముక్కులో ఒక తుమ్ము కూడా ఎక్కుతోంది. ముక్కు నులుముకుంటూ పళ్లు బిగబట్టాడు. కోటిరత్నం గోళ్లు అతని మోచేతిలో దిగబడుతున్నాయి.

ఆదెయ్య దుప్పటిని మెల్లగా నేలమీద వదిలేశాడు. పులి మొహంలోకి చూస్తూనే ఒక్కొక్క అడుగూ వెనక్కి వేశాడు. అతని చొక్కా అందుబాటులోకి రాగానే అంకమ్మరావు చెయ్యి చాపి పట్టుకుని, చప్పుడు కాకుండా లోపలికి లాక్కున్నాడు. ఆ చొక్కా మొత్తం తడిసి ఉంది.

పులి తీరిగ్గా నడిచొచ్చి దుప్పటి మీదికి తల వంచింది. వాసన చూసింది. ఒక్క క్షణం దాని మీసాలు ముడుచుకున్నాయి.

తుమ్మింది.

ఆ తుమ్ముకు చెట్ల మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. జీపు రేకు అంకమ్మరావు అరచేతి కింద సన్నగా వణికింది. పులి తలెత్తి, అందులో ఉన్నవాళ్లను వరసగా చూసింది. తన ఇంట్లో జరిగిన ఈ అమర్యాద ఎవరి పనో గుర్తు పెట్టుకుంటున్నట్టు చూసింది. ఆ పచ్చని కళ్లు తన మీద ఆగినప్పుడు, అంకమ్మరావుకు తెలియకుండానే చేతులు రెండూ దణ్ణం పెట్టినట్టు కలిశాయి. తర్వాత అది వెదురులోకి తిరిగింది. పొద మళ్లీ ఉత్త పొదయింది.

అందరి తుమ్ములూ ఎక్కడికో పోయాయి. బుల్లయ్య జీపును మెల్లగా వెనక్కి తీసి దుప్పటి చక్రం పక్కకు వచ్చేలా ఆపితే, జ్యోతిర్మయి కెమెరా తాడుతోనే దాన్ని పైకి లాగి సంచిలో కుక్కింది.

గేటు కనపడుతుండగా ఆదెయ్య అంకమ్మరావు చేతులు పట్టుకున్నాడు. ఇందాకటి కటువుతనం ఎటు పోయిందో తెలియదు. "అయ్యా, జనాన్ని జీపులో వదిలి నేను దిగానని పైవాళ్లకు తెలిస్తే నా ఉద్యోగం పోద్ది. ఇద్దరు పిల్లలున్నారు. ఈ సంగతి ఎక్కడా అనొద్దయ్యా."

"చెప్పనులే. పులిని చూశామని మటుకు చెప్పుకుంటా" అన్నాడు అంకమ్మరావు.

"పులి దగ్గర మొదలుపెట్టి ఆదెయ్య దాకా పోకుండా మీరు ఆగగలరా?" అంది కోటిరత్నం. "మన రేషన్ డీలరు బామ్మర్ది ఈ ఫారెస్టు డివిజన్‌లోనే పని చేస్తున్నాడు. తెల్లారేసరికి ఇక్కడికి తెలిసిపోద్ది."

అంకమ్మరావు నిజాయితీగా ఆలోచించాడు. ఆగలేడు.

మర్నాడు పర్చూరు సెంటర్లో టీ తాగుతుంటే స్నేహితుడు వీరబాబు ఎదురొచ్చాడు. "ఏరా, అడవికి పోయావంట గదా! పులి కనిపించిందా?"

అంకమ్మరావు గ్లాసు వైపు చూశాడు. ఆ కళ్లు, ఆ భుజాలు, ఆకు నలగని ఆ నడక, అన్నీ నోటిదాకా వచ్చాయి. టీ ఒక గుక్క మింగాడు.

"జింకలు కనిపించాయి."

"జింకలా? వాటి కోసం అంత దూరం పోయావా?" అంటూ వీరబాబు పగలబడి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా అందుకున్నారు.

"రెండు నెమళ్లు కూడా" అన్నాడు అంకమ్మరావు.